పాత తుపాకి – దాని ముద్రల సాక్ష్యము

మహానవమినాడు పల్నాటి పల్లెలలో నాగలి, గొడ్డలి, కొడవలి మొదలుకొని త్రాసు, తూనికరాళ్లు, కలము, లెక్కల పుస్తకము వరకు సమస్తమును కడిగి పసుపు కుంకుమలతో పూజించుట తరతరముల ఆచారము. కొన్ని పాత యిండ్లలో ఆ వరుసలో అటకమీదినుండి దింపిన పొడుగాటి తుపాకి యొకటి వచ్చి చేరును. చింతపండుతోను, ఇటుకపొడితోను ఇనుము తెల్లబడునట్లు దానిని తోముదురు. గొట్టమునకు బొట్లు పెట్టి కర్పూరహారతి యిత్తురు. "ఇది బాలచంద్రుని నాటి తుపాకి" అని యింటి పెద్ద చెప్పును, పిల్లలు నమ్ముదురు.

ఈ చిన్న దృశ్యములో మూడు పొరపాట్లు కలవు. తోముటచే ఆ తుపాకి చరిత్ర చెరిగిపోవుచున్నది. హారతి యిచ్చుటచే ప్రాణాపాయమే కలుగవచ్చును. బాలచంద్రుని పేరు చెప్పుటచే ఆ వస్తువునకు నిజముగా గల గౌరవము మరుగున పడుచున్నది. పాత తుపాకిని, దానిపై గల ఆయుధశాలా ముద్రలను గుర్తించు విధమును తెలుపుచు, ఈ మూడు పొరపాట్లను తొలగించుటయే ఈ వ్యాసమున కుద్దేశము.

వీరయుగమున తుపాకి లేదు

పల్నాటి యుద్ధము క్రీ.శ. 1182 ప్రాంతమున కారెంపూడి రణభూమియందు జరిగెననుట సామాన్యముగ అంగీకరింపబడిన విషయము. గురజాల నలగామరాజు పక్షముననేమి, మాచెర్ల మలిదేవుని పక్షముననేమి, పోరాడిన వీరులు పట్టినవి కత్తులు, ఈటెలు, గదలు, విల్లంబులు. కారెంపూడి వీరుల గుడి ఉత్సవములలో కార్తికమాసమున నాగులేటికి ఊరేగి పూజలందుకొను కొణతములు అట్టి ఆయుధముల స్మృతియే. తుపాకిమందు ఆ కాలమున తెలుగుదేశమునకు రాలేదు. కావున బాలచంద్రుని చేతిలో తుపాకిని పెట్టుట ఆ వీరునికి గౌరవము కాదు. ఎదుటివాని కన్నులలోనికి చూచుచు కత్తితో పోరాడినవానిని, దూరమునుండి గుండు వేసినవానిగా మార్చుట యగును.

సంస్కృతము చదివినవారు మరియొక ఆక్షేపణ చేయుదురు. శుక్రనీతిసారమున బృహన్నాలిక, క్షుద్రనాలిక అను యంత్రముల వర్ణన కలదు. సూరేకారము, గంధకము, బొగ్గు కలిపి అగ్నిచూర్ణము చేయు విధము కూడ చెప్పబడినది. కావున తుపాకి ప్రాచీన భారతీయమే యని వారి వాదము. మద్రాసులో సంస్కృతాచార్యుడుగా నుండిన గుస్తావ్ ఓపర్టు 1880లో ఇట్టి వాదమునే ఒక గ్రంథముగ ప్రకటించెను. కాని ఆ నీతిశాస్త్రములోని ఆ భాగము చాల అర్వాచీనమనియు, తుపాకులను కన్నులార చూచినవారు వ్రాసినదనియు తరువాతి పండితులు నిర్ణయించిరి. పాత పేరు పెట్టుకొన్నంత మాత్రమున క్రొత్త దస్తావేజు పాతది కానేరదు. కాగితము, సిరా, ముద్ర, చేవ్రాలు చూచి కదా దాని కాలమును నిర్ణయింతురు! తుపాకి విషయమునను న్యాయ మదియే.

తుపాకి రాక

"తుపాకి" అను మాట తుర్కీ భాషనుండి పారసీకముద్వారా వచ్చినది. "ఫిరంగి" అనునది ఐరోపావారికి పారసీకులు పెట్టిన "ఫరంగీ" అను పేరు. పేర్లే వచ్చిన దారిని చెప్పుచున్నవి. ఉత్తరమున బాబరు 1526లో పానిపట్టు యుద్ధమున తుపాకులను ఫిరంగులను ప్రయోగించెను. దక్కనులో అంతకు ముందే, 1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరు కోటను ముట్టడించినపుడు, క్రిస్తోవావ్ డి ఫిగైరెదో అను పోర్చుగీసువాడు కొద్దిమంది తుపాకిదారులతో రాయలకు సాయపడెను. కోటగోడపై తల యెత్తిన కావలివారిని వారు దూరమునుండి కొట్టుచుండగా, రాయల సైనికులు గోడ రాళ్లను ఊడబెరికిరని నూనిజు వ్రాతలవలన తెలియుచున్నది. ఆ తుపాకులు నిప్పువత్తితో పేలెడు రకమునకు చెందినవి. వానినే తెలుగువారు జామగిరి తుపాకులనిరి. ఉత్తరాదివారు తోడాదారు బందూకులనిరి.

అటుపిమ్మట పల్నాటిసీమ యేలికలు పలుమారులు మారిరి. 1515లో రాయలు జయించిన కొండవీడు 1579లో గోల్కొండ కుతుబ్‌షాహీల వశమై, ముర్తజానగరమను పేరు పొందెను. 1687లో గోల్కొండ పతనమై మొగలాయీల పాలన వచ్చెను. దాని తరువాత అసఫ్‌జాహీలు వచ్చిరి. గుంటూరు సర్కారు నిజాము సోదరుడగు బసాలత్ జంగునకు జాగీరుగా నుండెను. ఆదవానికి కూడ ఆతడే ప్రభువు. ఆతని కొలువున ఫ్రెంచి సేన యుండెడిది. ఆతడు 1782లో మరణింపగా, గుంటూరు సర్కారు 1788లో ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చెను. పల్నాడు మాత్రము వేరుగా ఆర్కాటు నవాబు క్రింద నుండి, 1801లో కంపెనీ పాలనలో చేరినది. ఈ మార్పులన్నిటి నడుమ నరసరావుపేట మల్‌రాజు వారు, వాసిరెడ్డి వారు మున్నగు జమీందారులు తమ తమ బంట్లను పోషించుకొనుచుండిరి.

ఇంత చెప్పుటకు కారణ మొకటి కలదు. ఈ సీమలో ఒక పాత తుపాకి బయటపడినచో, అది గోల్కొండది కావచ్చును, మొగలాయిది కావచ్చును; నిజాముది, ఆర్కాటుది, మైసూరుది, ఫ్రెంచివారిది, కంపెనీది, జమీందారుది – ఏదైనను కావచ్చును. ఇందెవ్వరి దని తేల్చుటకు పెద్దల మాట చాలదు. ఇనుముపైనున్న ముద్రయే సాక్షి.

జామగిరి నిర్మాణము

ముద్రలను చూచుటకు ముందు తుపాకి యే రకమో తెలియవలెను. ముట్టించు విధమునుబట్టి పాత తుపాకులు ముఖ్యముగ మూడు రకములు.

మొదటిది జామగిరి. సూరేకారపు నీట నానవైచి యెండబెట్టిన నూలుత్రాడు దీనికి వత్తి. వత్తికొన నిప్పు రాజుచుండగా దానిని ఒక ఇనుప కొక్కెమునకు తగిలింతురు. గొట్టము వెనుకభాగమున ప్రక్కగా చిన్న పళ్లెము వంటి భాగ ముండును. అందు రంజకము, అనగా మెత్తని తుపాకిమందు, పోయుదురు. మీట నొక్కగానే కొక్కెము వంగి వత్తి రంజకమునకు తగులును. మంట చిన్న రంధ్రము గుండ లోనికి పోయి మందును పేల్చును. ఇందు గట్టి స్ప్రింగులు లేవు, సున్నితమైన యంత్రము లేదు. చెడిపోయినచో ఊరి కమ్మరి బాగుచేయగలడు. ఈ కారణముచేతనే ఐరోపాలో 1700 ప్రాంతమునకే సేనలు విడిచిపెట్టిన జామగిరి, మన దేశమున 19వ శతాబ్దము వరకు నిలిచినది. దాని లోపము వానలో తెలియును. వత్తి తడిసినచో తుపాకి కఱ్ఱతో సమానము. రాత్రివేళ వత్తికొన మెఱపు శత్రువునకు గురియగును.

రెండవది చెకుముకి తుపాకి. చెకుముకిరాయి ఉక్కుకు తగిలి రవ్వలు పుట్టించును. కంపెనీ సిపాయిలు చిరకాలము మోసిన దిదియే. మూడవది కేపు తుపాకి. ఇది 19వ శతాబ్దపు మధ్యభాగమున ప్రబలినది. గొట్టము వెనుక చిన్న మొలక వంటి గొట్టముపై రాగి టోపీ నుంచి సుత్తితో కొట్టించుట దీని విధానము. పాత జామగిరి గొట్టములకే తరువాత కేపు యంత్రము తగిలించిన తుపాకులు కూడ కలవు. అట్టిదానికి గొట్టపు వయస్సు వేరు, యంత్రపు వయస్సు వేరు. పాత పునాదిపై క్రొత్త మిద్దె కట్టినట్లే యెంచవలెను.

జామగిరి గొట్టము పోతపోసినది కాదు. అక్బరు ఆస్థానమునందలి అబుల్ ఫజల్ ఐనీ అక్బరీలో దాని తయారీని వివరించెను. ఇనుమును పలకగా సాగగొట్టి, ఏటవాలుగా చుట్ట చుట్టి, మడతపై మడత కూర్చి, కొలిమిలో కాచి అదికించెడివారు. మంచి గొట్టముపై నేటికిని ఆ చుట్టల జాడ త్రాటి పురివలె సన్నగా కనబడును. తెలంగాణమున కోనసముద్రము వంటి చోట్ల వండిన ఉక్కు పారసీక వర్తకులు వెదకికొని వచ్చునంతటి పేరు గన్నది. అట్టి ఉక్కు నీటి అలలవంటి చారలచే గుర్తుపట్టబడును. ఇటుకపొడితో తోమిన ఇనుముపై త్రాటిపురియు నిలువదు, అలలును నిలువవు.

కుందా, అనగా భుజమున కానించు కొయ్యభాగము, ప్రాంతమును తెలుపును. రాజస్థానపు కుందా తిన్నగా, కోణములు తీరి యుండును. సింధుదేశపు కుందా చివర చేపతోకవలె విప్పారును. కొడగు తుపాకి కుందా క్రిందికి వంపు తిరిగియుండును. కాని కొయ్య విరుగును, పురుగు తినును, మార్చబడును. కావున కొయ్య చెప్పు మాటను ఇనుము చెప్పు మాటతో సరిచూచిన తరువాతనే నమ్మవలెను.

ముద్రలు నాలుగు విధములు

తెలుగు ఇండ్లలో బిందెలమీదను, పళ్లెములమీదను పేరు కొట్టించుట అందరెరిగినదే. చిన్న ఉలితో చుక్క చుక్కగా పొడిచి అక్షరము తీర్చుదురు. అత్తవారింటి బిందెపై పుట్టింటి పేరు కనబడినచో అది సారెగా వచ్చినదని తెలియును. ఒకే పాత్రపై రెండు పేర్లున్నచో అది చేతులు మారినదని గ్రహింతురు. తుపాకిపై ముద్రలును ఇట్టివే. వానిని నాలుగు విధములుగా విభజింపవచ్చును.

మొదటిది పనివాని ముద్ర. పారసీక లిపిలో "అమల్" అను మాట యున్నచో, దాని తరువాత వచ్చునది ఆ తుపాకిని చేసినవాని పేరు. చాలమంది దీనిని రాజుగారి పేరని పొరబడుదురు. రెండవది యజమాని ముద్ర. "సర్కార్" అను మాట, బిరుదములు, రాజచిహ్నములు ఈ జాతికి చేరును. మూడవది ఆయుధశాల లెక్క ముద్ర. ఎన్నవ తుపాకి, ఎంత బరువు, ఎన్నడు జమకట్టిరి అను వివరములు ఇందుండును. నాలుగవది గెలిచినవాని ముద్ర. యుద్ధమున పట్టుబడిన ఆయుధముపై క్రొత్త యజమాని వేయించునది ఇది.

అక్బరు ఆయుధశాలలో ఈ లెక్క యెంత నిక్కచ్చిగా సాగెనో ఐనీ అక్బరీ చెప్పుచున్నది. ముడి యినుము బరువు, తయారైన తరువాతి బరువు, ఇనుము తెచ్చిన చోటు, పనివాని పేరు, చేసిన స్థలము, తేదీ, వరుస సంఖ్య – ఇవన్నియు తుపాకిపై గుర్తింపబడెడివి. గ్రామపు లెక్కలలో సర్వే నంబరు, విస్తీర్ణము, దస్తు, అనుభవదారు పేరు వరుసగా నుండునట్లే కదా! ఆ తుపాకులలో సంగ్రామ్ అను పేరు గలది అక్బరునకు మిక్కిలి యిష్టమైనది. 1568లో చిత్తూరుగఢము ముట్టడిలో జయమల్లుడు దాని గుండుచేతనే కూలెనని అబుల్ ఫజల్ వ్రాసెను.

ఆదవాని నుండి బికనీరు వరకు

గెలిచినవాని ముద్ర చరిత్రకెట్లు సాక్ష్యమగునో తెలుపుటకు తెలుగునేలనే ఒక గొప్ప నిదర్శనము కలదు. కర్నూలు జిల్లాలోని ఆదవాని కోట బిజాపురపు సుల్తానులది. ఆ రాజ్యము పడిపోయిన పిమ్మట కూడ సిద్ది మసూదు దానిని కాపాడుచుండెను. 1688–89 ప్రాంతమున ఔరంగజేబు సేనలు దానిని లోబరచుకొనెను. ఆ మొగలాయి కొలువున నుండిన బికనీరు మహారాజు అనూపసింగునకు ఆదవాని ఆయుధములు అనేకము లభించెను. ఆతడు వానిని ఒంటెలనాడైన బికనీరునకు పంపి, తన జునాగఢ్ కోట ఆయుధశాలలో చేర్పించెను.

చేర్చునపుడు ఆ ఆయుధశాలవారు చేసిన పని శ్లాఘనీయము. నాగరి లిపిలో, చుక్క చుక్కగా పొడిచి, ఇది ఆదవానిలో పట్టుబడిన వస్తువని గుర్తు వేసిరి. కాలక్రమమున అందు కొన్ని అమ్ముడుపోయి సముద్రములు దాటినవి. లండనులోనైనను న్యూయార్కులోనైనను బికనీరు చుక్కల అక్షరములతో ఒక కవచమో కటారియో కనబడినపుడు, దానిపై ఆదవాని పేరున్నచో, పండితులు వెంటనే అది ఆంధ్రదేశపు కోటనుండి పోయినదని గుర్తింపగలుగుచున్నారు. ఆ చుక్కలు లేకున్నచో అది రాజస్థానపు పనియని యెంచి యూరకుందురు. ఆదవానివారి పనితనము, ఓటమి, ఆ వస్తువులు చేసిన దూరప్రయాణము – మూడును ఆ నాలుగు చుక్కలలోనే నిలిచియున్నవి. చింతపండు తగులకుండుటయే వాని భాగ్యము.

మైసూరు, కంపెనీ గుర్తులు

టిప్పు సుల్తాను కాలపు మైసూరు తుపాకులలో చెకుముకివే యెక్కువ. పులిచారల అలంకారము, తండ్రి హైదరు పేరిలోని మొదటి అక్షరము, పనివాని పేరు, శ్రీరంగపట్టణమును సూచించు "పటన్" అను మాట, సంవత్సరము – ఇవి వాని లక్షణములు. 1799 మే 4వ తేదీన శ్రీరంగపట్టణము పడిపోయినపుడు నిజాము సేనలు కంపెనీ పక్షమున నుండెను. కావున మైసూరు తుపాకి తెలుగునాట కనబడుట అసంభవము కాదు.

కంపెనీ తుపాకిని గుర్తించుట మరింత సులభము. యంత్రపు పలకపైనను గొట్టముపైనను హృదయాకారపు గుర్తుండును. అది నాలుగు గడులుగా చీల్చబడి, గడికొక ఆంగ్లాక్షరము చొప్పున వి, ఇ, ఐ, సి అను నాలుగక్షరములు కలిగియుండును. పైన నాలుగు అంకెవంటి రేఖ యుండును. ఇందు "వి" అనునది నిజమునకు "యు" అక్షరమే. పూర్వకాలపు లాటిను వ్రాతలో రెంటికి నొకటే రూపము. యునైటెడ్ ఈస్టిండియా కంపెనీ అని దాని భావము. 1808 ప్రాంతము తరువాత ఈ హృదయమునకు మారుగా, వెనుకకాళ్లపై నిలిచి కిరీటము పట్టుకొన్న సింహము వచ్చినది. కావున ఈ చిహ్నభేదమే కాలనిర్ణయమునకు చాలును. కిరీటము, దాని క్రింద జి, ఆర్ అను అక్షరములు, "టవర్" అను మాట యున్నచో అది కంపెనీది కాదు, ఇంగ్లండు రాజు సేనది. కంపెనీ తుపాకి గొట్టము సాధారణముగ 39 అంగుళములుండును. జామగిరి గొట్టము దానికంటె పొడవుగా నుండుట తఱచు.

జామగిరిపై కంపెనీ హృదయము కనబడినచో అనుమానింపవలెను. కంపెనీ సిపాయిల తుపాకి చెకుముకిది; జామగిరి కాదు. విరిగిన కంపెనీ తుపాకి గొట్టమును స్థానికుడొకడు తన కుందాకు బిగించుకొని యుండవచ్చును, లేక అంగడివాడు ధరకొరకు దొంగముద్ర వేసి యుండవచ్చును. అక్షరములు తప్పుగానో, వెనుకకు తిరిగియో యుండుట, ఒకే తుపాకిపై వేర్వేరు రాజ్యముల ముద్రలు క్రొత్తగా మెఱయుచుండుట, పళ్లెమునుండి గొట్టములోనికి రంధ్రమే లేకుండుట – ఇవి అలంకారమునకై చేసిన నకిలీకి గుర్తులు.

సంవత్సరమా? సంఖ్యయా?

తుపాకిపై అంకెలు కనబడగానే అది సంవత్సరమని తలచుట సర్వసామాన్యము. ఇందు పొరబడుట సులభము. ఒక గొట్టముపై 1104 అను అంకెలు కలవని భావించుడు. పల్నాటి అభిమాని యొకడు దానిని శాలివాహన శకముగ తీసికొని 78 కలిపి, 1182 తెచ్చి, "ఇదిగో, కారెంపూడి యుద్ధము నాటిది!" అనును. కాని అదియే హిజరీ 1104 అయినచో క్రీ.శ. 1692–93 అగును. ఫసలీ 1104 అయినచో, 590 కలుపగా, 1694–95 అగును. రెండును ఔరంగజేబు కాలమే. అట్లు గాక, అది ఆయుధశాలలో పదునొకండు వందల నాలుగవ తుపాకియు కావచ్చును.

కావున అంకెను చూచుటకు ముందు అది యే లిపిలో నున్నదో చూడవలెను. పారసీక లిపిలోని అంకెకు హిజరీ, ఫసలీ రెంటిని పరీక్షింపవలెను. నాగరి అంకెకు విక్రమ శకమును పరీక్షించి 57 తీసివేయవలెను. విక్రమ శకము 1746 అనగా 1689. టిప్పు వాడిన మౌలూదీ శకము మరింత చిక్కైనది. దాని అంకెలు కుడినుండి యెడమకు వ్రాయబడినవి. మౌలూదీ 1226, అనగా 1798–99, సామాన్య దృష్టికి 6221గా కనబడును. శకము తేల్చిన పిమ్మట, ఆ సంవత్సరమున ఆ సీమ యెవ్వరి యేలుబడిలో నుండెనో పోల్చి చూడవలెను. సంవత్సరమును రాజ్యమును పొసగినచో సాక్ష్యము బలపడును. పొసగనిచో ఆ అంకె తుపాకి వరుస సంఖ్యయై యుండును, లేక తుపాకి పరదేశమునుండి వచ్చినదై యుండును.

చేయవలసినది, చేయరానిది

పాత తుపాకి దొరికినచో మొట్టమొదట తలపవలసినది ముద్ర కాదు, మందు. దట్టించిన మందు తడి తగులనిచో నూరేండ్లకైనను చావదు. ఎప్పుడో అడవిపందికై దట్టించి, పేల్చక అటకమీద పెట్టిన తుపాకి నేటికిని ప్రాణము తీయగలదు. అట్టిదాని రంధ్రమునకు దగ్గరగా కర్పూరహారతి త్రిప్పుట యెంత ప్రమాదమో యోచింపవలెను. తుపాకి మొగము ఎవ్వరివైపునను ఉండరాదు. సుత్తితో కొట్టరాదు, పొయ్యిదగ్గర పెట్టరాదు, పిల్లల చేతి కీయరాదు. వెంటనే పోలీసు ఠాణాలో తెలుపుట క్షేమము, ధర్మము కూడ.

ధర్మమనుటకు కారణము చట్టము. 1959 నాటి ఆయుధ చట్టమునుబట్టి అనుమతి లేక తుపాకి కలిగియుండుట నేరము. మరమ్మతు చేసినను పనికిరాని పురావస్తువులకు అందు మినహాయింపు కలదు. కాని ఒక తుపాకి ఆ మినహాయింపునకు తగినదో కాదో నిర్ణయింపవలసినవారు అధికారులు, ఇంటివారు కాదు. తుపాకిపై నున్న పేరును, సంఖ్యను, గుర్తును చెరుపుటగాని మార్చుటగాని కూడదని అదే చట్టము శాసించుచున్నది. నూరేండ్లు దాటిన పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు విదేశములకు పంపుటను 1972 నాటి చట్టము నిషేధించినది. కావున తోముటయు, దొంగచాటుగా అమ్ముటయు ఆచారమునకే గాక చట్టమునకును విరుద్ధములు.

భయము తీరిన తరువాత పరీక్షకు క్రమము కలదు. ముట్టించు విధమునుబట్టి రకమును తేల్చవలెను. గొట్టము పొడవును, నోటి వెడల్పును కొలిచి వ్రాయవలెను. మెత్తని పొడిగుడ్డతో దుమ్ము మాత్రమే తుడువవలెను. గొట్టము వెనుకభాగము పైతలము, యంత్రపు పలక, కుందా ప్రక్క రేకులు, అడుగుభాగము – ఈ చోట్లనే ముద్రలు తఱచుగా నుండును. సాయంకాలపు ఏటవాలు వెలుతురులో చూచినచో మధ్యాహ్నమున కనబడని చుక్కలు కనబడును. ముద్రపై పలుచని కాగితము పరచి పెన్సిలుతో మెల్లగా రుద్దినచో అక్షరము కాగితముపైకి వచ్చును. చేతిఫోనుతో ఛాయాచిత్రము తీయుట నేడందరికి సాధ్యమే. ముద్ర చదువుట రాకున్నను నష్టము లేదు. చదువగలవాడు రేపు రావచ్చును. చెరిపినచో మాత్రము ఎవ్వరు వచ్చియు ప్రయోజనము లేదు.

ఇనుమును ఇనుముగానే చూచుటవలన కలిగిన నష్టమునకు తంజావూరు సాక్షి. తెలుగు నాయకరాజులు 1673 వరకు ఏలిన ఆ నగరమున, వారి తరువాత మరాఠా రాజుల ఆయుధశాల ప్రసిద్ధమై యుండెను. 1855లో శివాజీ మహారాజు మరణింపగా రాజ్యము కంపెనీపరమయ్యెను. 1860 తరువాత ఆ ఆయుధములలో అనేకము పగులగొట్టబడి పాత యినుము క్రింద అమ్మబడెను. ఏరి తీసినవి మాత్రము మద్రాసు మ్యూజియమునకు చేరి రక్షింపబడెను. నేడు నాయకరాజుల ఆయుధములనుగూర్చి తెలిసినదానికి ఆ మిగిలినవే చాలవరకు ఆధారము. పగిలినవానిపై ఏ పేర్లుండెనో చెప్పువారు లేరు.

ఉపసంహారము

1821లో మరణించిన కర్నలు మెకంజీ తన జీవితకాలమున కరణముల కవిలెలనుండి గ్రామ కైఫీయతులను వ్రాయించి యుండకున్నచో, గుంటూరు సీమ గ్రామముల పూర్వకథలు చాలవరకు నశించెడివి. నాడు తాటాకులకు జరిగిన ఉపకారము నేడు ఇండ్లలోని పాత వస్తువులకు జరుగవలెను. 2022లో నరసరావుపేట కేంద్రముగ పల్నాడు జిల్లా యేర్పడినది. ఊరూర గ్రంథాలయములో ఒక చిట్టాపుస్తకము పెట్టి, గ్రామమునందలి ప్రాచీన వస్తువుల కొలతలు, ముద్రల అచ్చులు, వానినిగూర్చి పెద్దలు చెప్పిన మాటలు వేర్వేరు గడులలో వ్రాసిపెట్టినచో, ఈ జిల్లా చరిత్రకు అదే గట్టి పునాది యగును. పెద్దల మాటను కొట్టివేయ నక్కరలేదు. వారి మాట ఒక గడిలో, ఇనుము మాట వేరొక గడిలో నున్న చాలును.

ఆదవాని ఆయుధములను కొనిపోయిన అనూపసింగు వానిని మాత్రమే కొనిపోలేదు. దక్కను దండయాత్రలలో చెదరిపోవుచున్న సంస్కృత తాళపత్రములను, వ్రాతప్రతులను సేకరించి బికనీరునకు చేర్పించెను. ఆతని పేరున అనూప సంస్కృత గ్రంథాలయము నేటికిని ప్రసిద్ధము. ఒక చేత ఆయుధమును, ఒక చేత పుస్తకమును పట్టిన ఆ రాజు, రెంటిపైనను గుర్తు వేసి పదిలపరచెను. గెలిచినవాడు గుర్తు వేసి దాచగా, వారసులు తోమి చెరుపుట యుచితము కాదు.

రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము నాటికి అట్టి చిట్టాపుస్తకమును నిండుగా గలదై విలసిల్లును గాక! రాబోవు మహానవమినాడు పాత తుపాకికి చింతపండు తగులకుండుగాక! బొట్టు కుందాకు చాలును. అందలి ముద్రను చెరుపక, దాని నిజమైన పేరు తెలిసికొని పిలుచుటయే దానికి చేయదగిన పూజ.